బడ్జెట్ లేదంటే హక్కు కూడా లేనట్టేనా?

ప్రశ్న: అమ్మకు రెండు నెలలుగా పింఛను రాలేదు. బీపీ మాత్రను చాకుతో సగానికి కోసి, రెండో ముక్కను కాగితంలో చుట్టి రేపటికి దాస్తోంది. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. ఆఫీసులో అడిగితే "బడ్జెట్ లేదు" అన్నారు. అంతేనా, ఇక అడగడానికేమీ ఉండదా?

జవాబు: ఎందుకుండదండీ! 1948 మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణంలో తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, వృద్ధాప్యంలో భద్రత అన్నీ ఉన్నాయి. 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికను ఆమోదించిన ప్రభుత్వాలు, చేతిలో ఉన్న వనరులను వీలైనంత ఎక్కువగా వాడి ఈ హక్కులను క్రమంగా నెరవేర్చాలి. క్రమంగా అంటే ఎప్పుడో ఒకప్పుడని కాదు. డబ్బు చాలదనే ప్రభుత్వం, ఉన్నదాన్ని ముందుగా కనీస అవసరాలకే వాడేందుకు అన్ని ప్రయత్నాలూ చేశామని చూపించాలి. ఈ ఒడంబడిక అమలును చూసే ఐరాస కమిటీ 1990లోనే ఈ మాట చెప్పింది.

మరో జవాబు: కేటాయింపు ఒక్కటే చూసి ఊరుకోకండి. కేటాయించింది ఎంత, విడుదల చేసింది ఎంత, ఖర్చయింది ఎంత? మూడూ రాతపూర్వకంగా అడగండి. పద్దులో ఉన్న డబ్బు విడుదల దగ్గర కూడా ఆగిపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. రేపే అర్జీ పెడతాను. ఆ సగం మాత్ర సంగతి కూడా అందులో రాస్తాను.