విజయనగరంలో బర్గర్‌కు ఇంత ధర సబబేనా?

ప్రశ్న (కోటవీధి):
మొన్న ఆదివారం అమ్మానాన్నలను, చెల్లెలిని వెంటబెట్టుకుని మా ఊళ్లో కొత్తగా తెరిచిన ఒక బర్గర్ రెస్టారెంటుకు వెళ్లాను. బండి దగ్గర 70 రూపాయలకు తినే బర్గర్‌కు అక్కడ 240 రూపాయలు తీసుకున్నారు. నాన్న రెండు చేతులతో పట్టుకుని ఒక్కసారి కొరికేసరికి అడుగు బన్ను నానిపోయి చిరిగింది, ప్యాటీ జారి పళ్లెంలో పడింది. అమ్మ శాకాహారి, కూరగాయల ప్యాటీని కోడి వేయించిన నూనెలోనే వేయించారా అని అడిగితే వడ్డించే అబ్బాయి చెప్పలేకపోయాడు. ఆపైన బిల్లులో 10 శాతం సర్వీసు ఛార్జి వేశారు. ఇలాంటి చోట ధరకు తగిన తిండి దొరకాలంటే ముందుగా ఏమేమి అడగాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (పెనం దగ్గర నాలుగేళ్లు):
విశాఖపట్నంలో ఇటువంటి వంటగదిలోనే పనిచేశానండీ. ప్యాటీ అక్కడే తయారుచేస్తారా, గడ్డకట్టిన ప్యాకెట్టు తెచ్చి నూనెలో వేస్తారా అన్నది మొదట అడగండి, ఎందుకంటే మీరిచ్చే అదనపు డబ్బుకు అర్థం ఉండేది అక్కడే. బన్ను కోసిన వైపు వెన్న రాసి పెనం మీద ఎర్రగా కాలిస్తే సాసు త్వరగా లోపలికి ఇంకదు. మీ నాన్నగారి బన్ను విషయంలో ఆ రెండు నిమిషాల శ్రద్ధ కరవైనట్టుంది. కోడి ప్యాటీ లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాలి, కాబట్టి మధ్యలో చల్లగా తగిలితే మొహమాటపడకుండా వెనక్కి పంపండి. అమ్మగారికి వేరే మూకుడు, వేరే గరిటె ఉన్నాయో లేదో ఆర్డరు ఇవ్వకముందే వంటవారినే అడిగించండి. కార్తీకమాసంలో మా ఇంట్లోనూ ఇదే పట్టింపు, ఇందులో తప్పేమీ లేదు.

జవాబు 2 (నాగావళి ఒడ్డు):
5 శాతం జీఎస్టీ చెల్లించవలసిందే గాని, సర్వీసు ఛార్జి అలా కాదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసివేయమని మర్యాదగా అడగండి. కాదంటే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. శ్రీకాకుళంలో నేను అడగగానే మారు మాట్లాడకుండా కొత్త బిల్లు ఇచ్చారు.

కోటవీధి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈసారి అమ్మ కోసం మూకుడు సంగతి తేల్చుకున్న తరువాతే కూర్చుంటాము.