మారియా హెన్రియెటా ఖోటెక్ గులాబీ: జర్మనీలో ఉన్న తెలుగువారు సాయం చేయగలరా?

స్లొవేకియాలోని దోల్నా క్రుపాలో వందల రకాల గులాబీలు పెంచిన కౌంటెస్ మారియా హెన్రియెటా ఖోటెక్ (1863–1946) జీవితం గురించి రాస్తున్నాను. 1910లో గులాబీ రకాల సృష్టికర్త రుడాల్ఫ్ గెష్విండ్ చనిపోయాక ఆయన మొక్కల్ని కాపాడిన మనిషి ఆవిడ. యుద్ధాలు ఆ తోటను మిగల్చలేదు, ఎంత నష్టమో!

ఆవిడ పేరిట జర్మన్ గులాబీ పెంపకందారు పీటర్ లాంబర్ట్ సృష్టించిన ఎర్రపూల తీగ గులాబీ ఫొటోలు కావాలి. జాంగర్‌హౌజెన్ గులాబీ తోటకు దగ్గర్లో ఎవరైనా ఉన్నారా? జూన్ చివర్లో వెళ్తే మేలు. ఇలాంటి తీగలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూస్తాయి.

పువ్వు ఒక్కటే తీస్తే చాలదు, ఎర్ర తీగ గులాబీలన్నీ ఒకేలా కనిపిస్తాయి. పేరు పలక, పూలగుత్తి మొత్తం, మొగ్గ కింది రక్షక పత్రాలు, ముళ్లు, ఆకు అడుగు భాగం, ఆకు కాడ మొదట్లోని చిన్న రెక్కలు విడివిడిగా కావాలి. పక్కన స్కేలు పెట్టండి.

ఒక జాగ్రత్త: అంటుకట్టు కిందనుంచి లేచిన కొమ్మ వద్దు. అది వేరుమొక్కది, అంటే అంటుకట్టడానికి అడుగున వాడిన వేరే గులాబీది. మల్టీఫ్లోరా అనే అడవి గులాబీ వేరుమొక్కైతే చిన్న తెల్లని ఒంటిరేకల పూలు పూస్తుంది. పలక మాత్రం పాతదే ఉంటుంది.

క్రుపా తోట పాత నక్షా ఎక్కడ దొరుకుతుందో తెలిసినా చెప్పండి.