మోకాలి నిరసన వల్లే ఎన్‌ఎఫ్‌ఎల్ చూసేవాళ్లు తగ్గారా?

టీవీ రేటింగుల లెక్కలు తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి. 2016లో నల్లజాతివారిపై పోలీసుల దౌర్జన్యానికి నిరసనగా ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటగాడు కాలిన్ కేపర్నిక్ మ్యాచ్‌కు ముందు జాతీయ గీతం వేళ మోకాలు నేలకు ఆనించాడు. ఆ సీజన్లో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రేక్షకులు సుమారు 8 శాతం తగ్గారు, 2017లో ఇంకో 10 శాతం దాకా. మా ఆఫీసులో అందరూ "అంతా ఆ నిరసన దెబ్బే" అంటారు. నాకైతే మింగుడు పడటం లేదు. అది ట్రంప్, హిల్లరీ ఎన్నికల ఏడాది. వాళ్ల మొదటి డిబేటు సరిగ్గా సోమవారం రాత్రి మ్యాచ్‌కే అడ్డొచ్చింది. కేబుల్ తీసేసేవాళ్లూ అప్పటికే పెరుగుతున్నారు. పైగా 2018లో రేటింగులు మళ్లీ 5 శాతం దాకా లేచాయి. నిరసన నచ్చక మానేసినవాళ్లను, కేబుల్ తీసేసినవాళ్లను విడదీసి చూపే సర్వేలు గానీ, ఊళ్లవారీ నీల్సన్ (టీవీ రేటింగులు లెక్కగట్టే సంస్థ) అంకెలు గానీ ఎక్కడ దొరుకుతాయి? ఉచితంగా అయితే మరీ మంచిది.