వేపనూనె వాసన జుట్టును వదలడం లేదు, ఏం కలపాలి?

చుండ్రు కోసం 100 మిల్లీలీటర్ల గానుగ కొబ్బరినూనెలో 10 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి, వారానికి రెండుసార్లు మాడుకు రాస్తున్నాం. గంటాగి కుంకుడు రసంతో తలంటినా కంపు పోదు. ఆరాక తగ్గినట్టే ఉంటుంది, చెమట పట్టగానే మళ్లీ లేస్తుంది. దిండు గలీబుల సంగతి సరేసరి.

నూనె మక్కిపోలేదు. గింజలోని గంధకపు పదార్థాల వల్ల వచ్చే వెల్లుల్లి లాంటి ఘాటే ఇది. రెండూ కలిపి కాస్తే ఇల్లంతా కంపు. కొబ్బరినూనెలో మెంతులు, కరివేపాకు సన్నమంట మీద కాచి, వడకట్టి, చల్లారాక వేపనూనె పోస్తే కాస్త నయం. పచ్చకర్పూరం గంటసేపు కప్పిపెడుతుంది, తర్వాత అది ఆవిరైపోతుంది, ఇది మిగులుతుంది. పైగా పసిపిల్లలున్న ఇల్లు, కర్పూరం వాడకపోవడమే మంచిది.

వాడి చూసినవాళ్లు చెప్పండి. వేపనూనె 5 మిల్లీలీటర్లకు తగ్గిస్తే చుండ్రు మీద పనిచేస్తుందా? 100 మిల్లీలీటర్లకు 20 చుక్కల రోజ్‌మేరీ తైలం ఈ ఘాటును ఆపగలదా, లేక రెండు వాసనలూ కలిసి ఇంకా చెడుతుందా? కుంకుడుకు ముందు పొడి జుట్టుకే శనగపిండి పట్టిస్తే జిడ్డుతోపాటు వాసనా పోతుందా? షాంపూ రెండుసార్లు పెట్టడం తప్ప దారి లేదా?