ఆరు బటన్లకూ "అన్‌డిఫైన్డ్" అనే వస్తాంది, అర్రే లూప్ తెలిసినోళ్ళు కొంచెం చూడండి

అడిగినది (ప్రొద్దుటూరు):
అన్నలకు అక్కలకు నమస్తే. డిగ్రీ రెండో సంవత్సరం నేను, ప్రాజెక్టుకు మన కడప జిల్లాలో చూడాల్సిన చోట్ల మీద జావాస్క్రిప్ట్‌తో ఒక వెబ్ పేజీ చేస్తాండా. పైన ఆరు బటన్లు, గండికోట, ఒంటిమిట్ట, దేవుని కడప, పెద్ద దర్గా, బ్రౌన్ లైబ్రరీ, పుష్పగిరి. కింద ఒక ఖాళీ డివ్, అంటే పేజీలో ఒక డబ్బా. ఏ బటన్ నొక్కితే దాని గురించి నాలుగు లైన్లు ఆ డివ్‌లో రావాల, అంతే. మొదట ఆరు బటన్లకు ఆరు ఫంక్షన్లు రాసినా, పని చేసింది, కానీ మా మేడమ్ చూసి ఇట్ల కాదు అర్రే (నంబర్లేసిన గదుల వరస) పెట్టి లూప్‌తో (ఒకే పనిని మళ్ళా మళ్ళా తిప్పేది) చెయ్యి అనింది. సరేనని ఆరు పేరాలు "సమాచారం" అనే అర్రేలో పెట్టినా, బటన్లన్నీ క్వెరీ సెలెక్టర్ ఆల్‌తో పట్టుకున్నా, ఫర్ లూప్‌లో వార్ ఐ సున్నా నుంచి బటన్ల లెంత్ కంటే తక్కువ ఉన్నంతవరకు తిప్పి ఒక్కో బటన్‌కు క్లిక్ లిజనర్ (నొక్కితే ఏం చెయ్యాలో చెప్పేది) తగిలించినా. లిజనర్ లోపల డివ్ టెక్స్ట్ కంటెంట్‌కు సమాచారం బ్రాకెట్లో ఐ ఇచ్చినా. కన్సోల్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు, కానీ ఏది నొక్కినా అన్‌డిఫైన్డ్. లూప్ లోపల ఐ ని ప్రింట్ చేసి చూస్తే 0 నుంచి 5 దాకా బాగానే వస్తాంది, మరి నొక్కినప్పుడు ఏమైపోతాందో తెలీడంలా. బుధవారం చూపించాల, రెండు రాత్రుల్నుంచి దీని మీదనే ఉండా.

జవాబు (కర్నూలు):
తమ్ముడూ, అర్రేలో లెక్క సున్నా నుంచి కదా, బ్రాకెట్లో ఐ మైనస్ వన్ అని పెట్టి చూడు.

అడిగినది:
పెట్టినా అన్నా. అన్‌డిఫైన్డ్ పోయింది గానీ ఇప్పుడు ఆరు బటన్లకూ పుష్పగిరే వస్తాంది.

జవాబు (అనంతపురం):
ఆ మైనస్ వన్ తీసేయి తమ్ముడూ, అది మందు కాదు. కానీ పుష్పగిరి వచ్చిందంటే రోగం ఎక్కడుందో దొరికిపోయింది. నేను ఇక్కడ పిల్లలకు ఇదే చెప్తాంటా, ఏటా ప్రతి బ్యాచ్‌లో సగం మంది ఇక్కడే పడతారు, కాబట్టి నీది తెలివితక్కువ తప్పేం కాదు.

నువ్వు లిజనర్ తగిలించినప్పుడు లోపలున్న ఫంక్షన్ నడవదు, నొక్కినప్పుడే నడుస్తుంది. తగిలించేటప్పుడు ఆ ఫంక్షన్ ఐ విలువను రాసి పెట్టుకోదు, "ఐ అనేది ఒకటుంది, పనిబడినప్పుడు పోయి చూస్తా" అనుకుంటుంది అంతే. వార్‌తో రాసినప్పుడు లూప్ మొత్తానికి ఉండేది ఒకే ఒక్క ఐ. బళ్ళో ఒకే పలక పెట్టి ఆరుగురు పిల్లోళ్ళను కూచోబెట్టి, గంట కొట్టినప్పుడు పలక మీద ఏ అంకె ఉంటే అది చెప్పండి అన్నట్టు. అయ్యవారు ఆ పలక మీదనే 0 రాసి తుడిచి 1 రాసి తుడిచి పోతా పోతా చివరికి 6 రాసి నిలబడినాడు. ఐ 6 అయినప్పుడే కదా లూప్ ఆగేది, 6 కంటే తక్కువ కాదు కాబట్టి. గంట కొట్టేసరికి ఆరుగురూ 6 అనే చెప్తారు. నీ అర్రేలో ఉండేది 0 నుంచి 5, 6 నంబర్ గదే లేదు, అందుకే అన్‌డిఫైన్డ్. మైనస్ వన్ పెడితే అందరికీ 5, అంటే పుష్పగిరి. లూప్ తిరిగేటప్పుడు నువ్వు చేసిన ప్రింట్ అప్పటికప్పుడు పలక చూసి రాసింది, అందుకే అది సరిగ్గా వచ్చింది.

ఇప్పుడు వార్ తీసి లెట్ పెట్టు. ఒక్క మాట మారిస్తే చాలు. లెట్‌తో లూప్ తిరిగిన ప్రతిసారీ కొత్త పలక వస్తుంది, ఒక్కో బటన్‌కు తన పలక తనకుంటుంది, తుడిచేవాళ్ళు ఉండరు. కాకపోతే లెట్ ఐ ని ఫర్ బ్రాకెట్ లోపలే రాయాల, లూప్ పైన విడిగా రాసినావంటే మళ్ళా ఒకే పలక కథే.

లెట్ 2015లో వచ్చింది. అంతకుముందు దీనికోసం ఐ ని ఇంకో ఫంక్షన్‌కు ఇచ్చి, ఆ ఫంక్షన్ లోపల లిజనర్ తగిలించేవాళ్ళం. పాత పుస్తకాల్లో అది కనపడితే బెదరొద్దు, పని అదే.

అడిగినది:
అక్కా పలక మాట చదవంగానే అర్థమైపోయింది, చాలా థ్యాంక్స్. లెట్ పెట్టినా, గండికోట నొక్కితే గండికోటే వచ్చింది. కానీ వచ్చి రెప్పపాటులో మాయమైపోతాంది, పేజీ మళ్ళా మొదట్నుంచి లోడ్ అయినట్టుంది. ఇదేందో కొత్తది.

జవాబు (కర్నూలు):
తమ్ముడూ పైన అడ్రస్ చివర ప్రశ్నార్థకం గుర్తు వస్తాందా చూడు. వస్తాంటే నీ బటన్లు ఫామ్ ట్యాగ్ లోపల ఉన్నట్టు. ఫామ్ లోపల బటన్‌కు టైప్ ఇయ్యకపోతే అది సబ్‌మిట్ కింద లెక్క, నొక్కంగానే ఫామ్ సబ్‌మిట్ అయిపోతుంది, పేజీ రీలోడ్ అవుతుంది. ప్రతి బటన్‌కు టైప్ బటన్ అని రాయి, లేదంటే నీకు ఫామ్‌తో పనే లేదు కదా, దాన్ని తీసి డివ్ పెట్టుకో. పొద్దున నేను తొందరపడి మైనస్ వన్ చెప్పినా, ఈసారి నా సిస్టమ్‌లో చేసి చూసి చెప్తాండా.

అడిగినది:
ప్రశ్నార్థకం ఉంది అన్నా! ఫామ్ తీసేసినా, నిలబడింది. ఇంకొకటి, మేడమ్ పెద్ద దర్గా పేరా పెద్దగా ఉంది, తీసి మళ్ళా రాయమనింది. ఆ పేరా అర్రేలోంచి తీసేస్తే పెద్ద దర్గా బటన్‌కు బ్రౌన్ లైబ్రరీ వస్తాంది, బ్రౌన్ లైబ్రరీ నొక్కితే పుష్పగిరి వస్తాంది.

జవాబు (అనంతపురం):
వస్తుంది మరి, పేర్లు ఒక చోట పేరాలు ఒక చోట ఉన్నంతకాలం వాటిని కలిపేది నంబర్ ఒక్కటే, మధ్యలో ఒకటి తీస్తే కిందివన్నీ పైకి జరుగుతాయి. దర్గాకు వచ్చినోళ్ళకు బ్రౌన్ దొర 1820లో కడపకొచ్చిన సంగతి కనపడితే ఎంత తప్పు. పేరూ పేరా విడదీయొద్దు. అర్రేలో వట్టి పేరాలు కాకుండా ఆబ్జెక్టులు పెట్టు, ఒక్కో ఆబ్జెక్టులో పేరు ఒకటి, వివరం ఒకటి. తర్వాత హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఆ ఆరు బటన్లు చేత్తో రాయడం మానేయి. అర్రే మీద ఫర్ ఈచ్ తిప్పి, ప్రతి దానికి క్రియేట్ ఎలిమెంట్‌తో బటన్ పుట్టించి, దాని మీద పేరు రాసి, నొక్కితే అదే ఆబ్జెక్టు వివరం డివ్‌లో పెట్టమని చెప్పి, పేజీకి అతికించు. అప్పుడు ఐ తోనే పని లేదు. దర్గాను తీస్తే బటన్ కూడా దాంతోనే పోతుంది, రేపు ఏడోది చేరిస్తే బటన్ దానంతట అదే వస్తుంది. మీ మేడమ్ అర్రే లూప్ అనింది దీనికోసమే అయ్యుంటుంది.

పేరాల మధ్య కామా మర్చిపోవద్దు, ఒక్క కామా పోతే స్క్రిప్టు మొత్తం నిలిచిపోతుంది. తెలుగు అక్షరాలు గీతలు కొక్కేల మాదిరి కనపడితే హెడ్‌లో మెటా క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్ 8 ఉందో లేదో చూడు.

అడిగినది:
అక్కా ఇప్పుడే చేసినా. దేవుని కడపకు ఉగాది రోజు ముస్లింలు వచ్చి వెంకటేశ్వర స్వామిని దర్శించుకుంటారని కూడా చేర్చినా, అర్రేలో ఒక్క చోట మారిస్తే చాలింది. ఈ పేరాలు విడివిడి టెక్స్ట్ ఫైళ్ళలో పెట్టి ఫెచ్‌తో తెచ్చుకోవచ్చా? ప్రయత్నం చేస్తే ఎర్రగా ఏదో వచ్చింది.

జవాబు (కర్నూలు):
తెచ్చుకోవచ్చు, కానీ ఫైల్‌ను డబుల్ క్లిక్ చేసి తెరిస్తే బ్రౌజర్ ఒప్పుకోదు, సర్వర్ నుంచి నడవాల. వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ ఎక్స్‌టెన్షన్ వేసుకొని దాంట్లోంచి తెరువు. కానీ బుధవారం కాలేజీ సిస్టమ్‌లో అది ఉంటుందో లేదో, ఆరు పేరాలకే కాబట్టి ఇప్పటికి అర్రేలోనే ఉంచి చూపించు, ఫెచ్ తర్వాత నేర్చుకుందువు.

అడిగినది:
సరే అన్నా, అర్రేలోనే ఉంచుతా. పెన్‌డ్రైవ్‌లో వేసుకొని రేపు ల్యాబ్‌లో ఒకసారి తెరిచి చూస్తా.