డెర్బీ ఫేవరెట్‌ని దేన్ని చూసి నమ్మాలి? జాకీనా, పెడిగ్రీనా (వంశం), ట్రయల్ రేసా (ముందు జరిగే పరీక్ష రేసు)?

చాదర్‌ఘాట్_చాయ్:

2025 జూన్ 7 రాత్రి 8 గంటలకు మా గల్లీ చివర ఇరానీ హోటల్లో నలుగురం ఒక ఫోన్ చుట్టూ మూగి ఇంగ్లండ్‌లో జరిగే ఎప్సమ్ డెర్బీ గుర్రప్పందెం చూశాం. నలుగురిలో ముగ్గురం డెలాక్రువా అనే గుర్రం వైపే. కారణం ఒక్కటే. ట్రైనర్ ఎయిడన్ ఓబ్రయన్ స్టేబుల్ నుంచి మూడు గుర్రాలు దిగుతుంటే, వాళ్ళ ప్రధాన జాకీ ర్యాన్ మూర్ ఎంచుకున్నది దాన్నే. చాయ్ చల్లారేలోపు కథ అయిపోయింది. అదే స్టేబుల్‌కి చెందిన లాంబోర్న్, వేన్ లార్డన్ ఎక్కింది, ముందుండి పరిగెత్తి 3¾ లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచింది. దాని ధర 13/2, అంటే 2 పెడితే 13 లాభం. 2/1 ఫేవరెట్ డెలాక్రువా తొమ్మిదో స్థానంలో వచ్చింది.

పోనీ డెలాక్రువా డొల్ల గుర్రమా అంటే అదీ కాదు. జులైలో శాండౌన్‌లో ఎక్లిప్స్ గెలిచింది, సెప్టెంబర్‌లో లెపర్డ్స్‌టౌన్‌లో ఐరిష్ చాంపియన్ స్టేక్స్ కూడా కొట్టింది. అంటే గుర్రంలో లోపం లేదు, మన లెక్కలోనే ఉంది.

మన హైదరాబాద్ డెక్కన్ డెర్బీ దగ్గర పడుతోంది. మళ్ళీ ఇక్కడ అందరూ "ఫలానా జాకీ దేన్ని ఎక్కుతున్నాడు" అనే మొదలుపెడతారు. అందుకే ముందే అడుగుతున్నా, పెద్ద రేసులో పోటీదారుల్ని తూచేటప్పుడు మొదట చూడాల్సింది ఏంటి? నా మట్టుకు జాకీ ఎంపిక అన్నిటికంటే చివర చూడాల్సిన సంగతి. ఓబ్రయన్ డెర్బీ గెలిచిన ఏళ్ళే తీసుకోండి. 2017లో వింగ్స్ ఆఫ్ ఈగల్స్ 40/1, మూర్ దాని మీద లేడు. 2019లో ఆంథనీ వాన్ డైక్, మూర్ ఫేవరెట్ సర్ డ్రాగొనెట్ మీద ఉన్నాడు. 2020లో సర్పెంటైన్ 25/1, మూర్ మొగల్ మీద. 2025లో ఈ లాంబోర్న్. ఇక 2021లో మూర్ ఎక్కిన బోల్షాయ్ బ్యాలే 11/8 ఫేవరెట్‌గా దిగి ఏడోది వచ్చింది. ఇన్నిసార్లు తప్పు టిప్ ఇచ్చినవాడు మన మలక్‌పేట రేస్‌కోర్స్‌లో ఉంటే గేటు బయట చాయ్ కూడా పోయరు.

మలక్‌పేట_పాతకాపు:

తమ్ముడూ, తప్పిన ఏళ్ళన్నీ ఏరుకొచ్చావు, కుదిరినవి ఎక్కడ? 2013 రూలర్ ఆఫ్ ద వరల్డ్, 2023 ఆగస్ట్ రోడాన్, 2024 సిటీ ఆఫ్ ట్రాయ్, మూడూ మూర్ ఎక్కినవే. పైగా చివరి రెండూ అంతకుముందు మైలు దూరపు రెండువేల గిన్నీస్ రేసులో ఘోరంగా ఓడి వచ్చాయి. రోడాన్ పన్నెండోది, ట్రాయ్ తొమ్మిదోది. ఫామ్ బుక్ (పాత రేసుల చిట్టా) ఒక్కటే ముందు పెట్టుకుని కూర్చున్నవాడు రెండింటినీ లిస్టులోంచి కొట్టేసి ఉంటాడు. కొట్టేయకుండా వాటిమీదే కూర్చున్నవాడు మూర్. కాళ్ళ కింద గుర్రం ఎలా కదులుతోందో ఎక్కినవాడికి తెలిసినంత మన కాగితానికి తెలుస్తుందా?

ఇంకో మాట. డెలాక్రువా తర్వాత రెండు పెద్ద రేసులు గెలిచిందని నువ్వే రాశావు. అంటే స్టేబుల్‌లో మేలైన గుర్రాన్నే మూర్ పట్టుకున్నాడు. ఆ రోజు కుదరలేదు, అంతే.

తల్లివైపు:

పాతకాపు గారు, "ఆ రోజు కుదరలేదు" అనడంలోనే ఉంది తిరకాసు. ఏ రోజైనా ఎప్సమ్‌లో ఆ దూరానికి దానికి కుదిరేది కాదేమో. డెలాక్రువా తండ్రి డుబావి, తల్లి టెపిన్. టెపిన్ అంటే మామూలు తల్లి కాదు, 2015లో బ్రీడర్స్ కప్ మైల్, 2016లో రాయల్ ఆస్కాట్‌లో క్వీన్ ఆన్ గెలిచిన ఆడగుర్రం. రెండూ మైలు రేసులే, అంటే మన లెక్కలో 1600 మీటర్లు. డెర్బీ 2400కి కాస్త పైనే. ఇక డెలాక్రువా తర్వాత గెలిచిన ఎక్లిప్స్, ఐరిష్ చాంపియన్ రెండూ దాదాపు 2000 మీటర్ల రేసులు. నాకు ఇందులో చిక్కేమీ కనిపించట్లేదు. అది 2000 మీటర్ల గుర్రం.

లాంబోర్న్‌ని చూడండి. తండ్రి, ఆస్ట్రేలియా అనే గుర్రం, 2014 డెర్బీ గెలిచింది. ఆస్ట్రేలియా తండ్రి గెలీలియో 2001 డెర్బీ గెలిచింది. ఆస్ట్రేలియా తల్లి విజా బోర్డ్ 2004లో ఓక్స్ గెలిచింది, అంటే ఎప్సమ్‌లోనే ఆడగుర్రాలకి జరిగే డెర్బీలాంటి రేసు. ఇంట్లో అందరూ డెర్బీ చదువుకున్నవాళ్ళే. కాగితం మీద ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటే మనం జాకీ టోపీ రంగు చూస్తున్నాం.

చాదర్‌ఘాట్_చాయ్:

అక్కా, మీ పేరే తల్లివైపు, కానీ లాంబోర్న్ విషయంలో తండ్రివైపు మాత్రమే చెప్పి ఆపేశారు. దాని తల్లి గాసమర్ వింగ్స్. స్కాట్ డాడీ కూతురు, స్ప్రింటర్, అంటే తక్కువ దూరాల గుర్రం. తల్లిని బట్టి కొట్టేయాలంటే మైలు గుర్రానికి పుట్టిన డెలాక్రువా కంటే ముందు లాంబోర్న్‌నే కొట్టేయాలి.

తల్లివైపు:

దొరికిపోయాను 😄 ఒప్పుకుంటున్నా. కానీ పెడిగ్రీ అంటే తల్లి ఒక్కటే చూసి తీర్పు చెప్పడం కాదు. రెండువైపులా కలిపి, పరుగు తీరు కూడా చూసి "దూరం ఆగుతుందా", అంటే అంత దూరం చివరిదాకా పరిగెత్తగలదా అని అడగడం. స్ప్రింటర్ తల్లికి ఆస్ట్రేలియాని జోడించింది దూరం రావాలనేగా. అయినా మీరు వేసిన దెబ్బ సరైన చోటే తగిలింది, దాచను.

కొత్తగా_వచ్చా:

మధ్యలో వచ్చినందుకు సారీ. ఎప్సమ్ ఎప్సమ్ అంటున్నారు, మిగతా మైదానాలకీ దానికీ అంత తేడా ఏంటి? 2400 ఎక్కడైనా 2400 కదా?

మలక్‌పేట_పాతకాపు:

కాదు బాబూ. మన మైదానాల్లో పరిగెత్తే గుర్రానికి ఎప్సమ్ చూపిస్తే కొండ ఎక్కమంటున్నారా అనుకుంటుంది. స్టార్ట్ నుంచే ఎక్కుడు, దాదాపు 40 మీటర్ల ఎత్తు. ఎక్కాక దిగుడు, ఆ దిగుడులోనే ఎడమకి తిరగాలి. టాటెన్‌హామ్ కార్నర్ అంటే అదే. తిరిగి స్ట్రెయిట్‌లోకి వస్తే నేల ఒకవైపుకి ఒరిగి ఉంటుంది. అలిసిన గుర్రం నిటారుగా పరిగెత్తలేక లోపలి కంచెవైపు జారిపోతుంటుంది. చివర పోస్ట్ దగ్గర మళ్ళీ చిన్న ఎక్కుడు. బలం ఒక్కటే చాలదు, దిగుడులో అడుగు తడబడకూడదు.

టైమ్‌కీపర్:

పాతకాపు గారు చెప్పినదాన్నే నేను లెక్కగా మారుస్తా. జాకీ, పెడిగ్రీ పక్కన పెట్టండి. ట్రయల్ ఏ మైదానంలో, ఎంత దూరానికి గెలిచిందో చూడండి.

డెలాక్రువా గెలిచిన లెపర్డ్స్‌టౌన్ ట్రయల్ 2000 మీటర్లు, విశాలమైన మైదానం. లాంబోర్న్ గెలిచిన చెస్టర్ వాజ్ ఒకటిన్నర మైలుకి కాస్త పైనే. చెస్టర్ మైదానం చుట్టుకొలతే మైలుకి కొద్దిగా ఎక్కువ, అంటే గుర్రం ఎప్పుడూ మలుపులోనే ఉంటుంది. దూరం ఆగుతుందన్న సంగతీ, మలుపులో బ్యాలెన్స్ ఉందన్న సంగతీ అక్కడే తేలిపోయాయి.

ఇప్పుడు అసలైన ముక్క. ఆ చెస్టర్ వాజ్‌లో లాంబోర్న్ వెనక రెండోది వచ్చింది లేజీ గ్రిఫ్. డెర్బీలో లాంబోర్న్ వెనక రెండోది వచ్చింది ఎవరు? లేజీ గ్రిఫ్. ధర 50/1. మే నెలలో చెస్టర్‌లో కాగితం మీద పడిన మొదటి రెండు పేర్లే జూన్‌లో ఎప్సమ్‌లోనూ పడ్డాయి. మనమంతా ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వేరే చోట వెతికాం.

పాత ఉదాహరణలు కావాలంటే, 1981లో 10 లెంగ్త్‌లతో డెర్బీ గెలిచిన షెర్గర్ ముందు చెస్టర్ వాజ్ గెలిచింది. పాతకాపు గారు చెప్పిన రూలర్ ఆఫ్ ద వరల్డ్ కూడా అంతే. 40/1 వింగ్స్ ఆఫ్ ఈగల్స్ చెస్టర్ వాజ్‌లో రెండోది. ఆ 40/1 మీకు మిస్టరీ, నాకు కాదు.

మలక్‌పేట_పాతకాపు:

అంత చిన్న సంగతైతే బుకీలు ఎప్పుడో అడుక్కుతినేవాళ్ళు. మీ ట్రయల్ సూత్రం ప్రకారం యార్క్‌లో దాంతే గెలిచిన ప్రైడ్ ఆఫ్ ఆరస్ ఏమైంది? డెర్బీలో చివరి వరసలో వచ్చింది. అదే దాంతే 2015లో గోల్డెన్ హార్న్, 2022లో డెజర్ట్ క్రౌన్ గెలిచి, డెర్బీ కూడా గెలిచాయి. చెస్టర్ వాజ్ గెలిచి డెర్బీలో మట్టి కరిచినవి ఎన్నో చెప్పండి. అవి ఎవరూ లెక్కపెట్టరు, గెలిచినవే గుర్తుంటాయి.

ఇంకోటి. రేసు ఎలా నడిచిందో ఒక్కరూ మాట్లాడలేదు. లార్డన్ ముందు కూర్చుని తనకు నచ్చిన వేగంతో నడిపాడు, ఎవరూ మీదికి వెళ్ళలేదు. 2020లో సర్పెంటైన్ కూడా అచ్చం అలాగే ముందుండి 5½ లెంగ్త్‌లతో పోయింది. డెలాక్రువా వెనకెక్కడో ఉండిపోయింది. పేస్ ఎవరి చేతిలో ఉంటుందో ఊహించకుండా పెడిగ్రీ, ట్రయల్ అని కొట్టుకుంటే ఏం లాభం?

టైమ్‌కీపర్:

పేస్ పాయింట్ కాదనను. కానీ "ఎవరూ మీదికి వెళ్ళలేదు" అనేది సగం నిజమే. ఊరికే వదిలేసిన గుర్రమైతే చివర్లో దగ్గరికి లాగేస్తారు. అది 3¾ లెంగ్త్‌ల దూరం పోయింది. తర్వాత కరాలో ఐరిష్ డెర్బీ కూడా గెలిచింది. అదృష్టం అయితే రెండోసారి రాదు.

చాదర్‌ఘాట్_చాయ్:

ఒక మాట అడుగుతా, ఏమనుకోకండి టైమ్‌కీపర్ అన్నా. ఈ చెస్టర్ సూత్రం జూన్ 6న ఎందుకు రాయలేదు? ఆ రోజు మీరు ఇక్కడ రాసింది దేనికి?

టైమ్‌కీపర్:

రూలింగ్ కోర్ట్‌కి. 🙏

రెండువేల గిన్నీస్ గెలిచిన గుర్రం కదా, క్లాస్ ఉంటే దూరం అడ్డం కాదు అనుకున్నా. రేసు రోజు వాన పడి నేల మెత్తబడింది, వాళ్ళు విత్‌డ్రా చేసుకున్నారు. సాంకేతికంగా నా గుర్రం ఓడలేదు.

తల్లివైపు:

"సాంకేతికంగా" 😂 ఇది ఫ్రేమ్ కట్టించి పెట్టుకోవాలి.

నవ్వులాట అటుంచితే, ఆ విత్‌డ్రా మనకు చాలా చెప్తుంది. గుర్రాన్ని బాగా తెలిసినవాళ్ళు నేల చూసి, డెర్బీ అంతటి రేసుని వదులుకున్నారు. మనం మాత్రం వారం ముందు రాసుకున్న పేరు మార్చుకోం.

మలక్‌పేట_పాతకాపు:

ఆ మాటకి నా సొంత అనుభవం ఒకటి. ఏ ఏడో, ఏ గుర్రమో వద్దు. మలక్‌పేటలో వానల సీజన్. ముందు రోజంతా వాన, మధ్యాహ్నానికి ఎండ. నాకు ఖాయమని చెప్పిన ఫేవరెట్‌ని చూద్దామని పాడక్ (రేసు ముందు గుర్రాల్ని నడిపించి చూపే చోటు) కంచె దగ్గర నిలబడ్డా. సైస్, అంటే గుర్రాన్ని చూసుకునేవాడు, దాన్ని నడిపిస్తున్నాడు. మొదటి చుట్టులో మెడ మీద చెమట. ఎండ కదా అనుకున్నా. రెండో చుట్టుకి వెనక తొడల మధ్య సబ్బు నురగలా తెల్లగా పేరుకుంది. పక్కనే నడుస్తున్న గుర్రం ఒళ్ళు పొడిగా, తల కిందికి దించుకుని ప్రశాంతంగా పోతోంది. ఎండ రెండింటి మీదా ఒకటే. సైస్ భుజం లాగేస్తోంది ఇది, వాడు రెండు చేతులతో పట్టుకున్నాడు.

అన్నీ కళ్ళతో చూశా. చూసి కూడా కౌంటర్ దగ్గరికి వెళ్ళి దాని నంబరే చెప్పా. ఎందుకంటే పొద్దున్నే రేస్ బుక్‌లో దానికి గుండ్రంగా సున్నా చుట్టేశా. రేసు స్టార్ట్ అయ్యేలోపే అది సగం పరుగు అక్కడ పాడక్‌లోనే పరిగెత్తేసింది. స్ట్రెయిట్‌లోకి వచ్చేసరికి ఖాళీ. ఆ తలదించుకున్న గుర్రం గెలిచిందని కథ తిప్పను, అది మూడోది వచ్చింది. కానీ నాది దాని వెనకాల చాలా దూరంలో ఉంది.

ఈ మధ్య పందెమే మానేశా. 2023 అక్టోబర్ నుంచి పందెం మొత్తం మీద 28% జీఎస్టీ వేశారు, 2025 సెప్టెంబర్‌లో దాన్ని 40 చేశారు. చూడ్డానికి మాత్రం వస్తా.

కొత్తగా_వచ్చా:

మరి నాలాంటివాడు డెక్కన్ డెర్బీకి దేన్ని చూడాలి? మీరు నలుగురూ నాలుగు దిక్కులు చూపించారు.

తల్లివైపు:

ముందు దూరం చూడండి. డెర్బీ అనే పేరు చూసి మోసపోవద్దు. డెక్కన్ డెర్బీ 2000 మీటర్లు, చలికాలంలో వచ్చే గోల్కొండ డెర్బీ 2400. డెలాక్రువాలాంటి మైలు తల్లి బిడ్డకి ఎప్సమ్‌లో అడ్డం వచ్చిన ఆ 400 మీటర్లు ఇక్కడ అక్టోబర్‌లో జరిగే డెక్కన్ డెర్బీలో ఉండవు. కాబట్టి 1600లో చివర్లో ఇంకా బలం మిగిలినట్టు కనిపించిన గుర్రాన్ని ఇక్కడ నేను కొట్టేయను. అదే గుర్రాన్ని గోల్కొండకి మళ్ళీ మొదటినుంచి తూచాలి.

చాదర్‌ఘాట్_చాయ్:

ఇది నాకు నచ్చింది. జాకీని చివర చూడమన్న నా మాట మీద మాత్రం కదలను. సరే, ఈసారి రేసయ్యాక ఎవరూ సూత్రాలు తీయొద్దు. ముందు రోజు రాత్రి 9 లోపు ఒక్క పేరు, ఒక్క కారణం. తర్వాత ఎడిట్ చేయొద్దు. టైమ్‌కీపర్ అన్నా, ఇది మీకే.

టైమ్‌కీపర్:

రాస్తా. కానీ వాన పడితే పాడక్ చూశాక మార్చుకునే హక్కు కావాలి.

మలక్‌పేట_పాతకాపు:

పాడక్ దగ్గర నేనే ఉంటా. మార్చుకుంటే నాతో చెప్పి మార్చుకో.