ఏది నిజమో తేల్చే పని సర్కారు చేతిలో పెట్టొచ్చా? బెంగళూరు తెలుగువాళ్ళ చర్చ

కేఆర్‌పురం_రవి: తప్పుడు వార్తల మీద కర్ణాటక ప్రభుత్వం 2025లో తయారుచేసిన ముసాయిదాలో ఏడేళ్ళ దాకా జైలు అని చూసినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. ఇక్కడుంటున్నవాళ్ళు మీకు ఎదురైనవి చెప్పండి.

మెజెస్టిక్_పాతకాపు: 2012 ఆగస్టు నేను కళ్ళారా చూశాను. అస్సాం గొడవల తర్వాత ఈశాన్యంవాళ్ళ మీద దాడులు చేస్తారని ఎస్సెమ్మెస్‌లు పాకాయి. సిటీ స్టేషన్‌లో గువాహటి రైళ్ళ కోసం కాలు పెట్టే సందు లేదు. మా పక్కగది మణిపురి కుర్రాడు ఆ నెల జీతం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు. కేంద్రం రోజుకు ఐదు ఎస్సెమ్మెస్‌లే అంది. అది చెయ్యాల్సిన పనే.

లా_లక్ష్మి: ఆ రోజుల్లోనే ఇంకోటి కూడా జరిగిందండీ. ఇంటర్నెట్‌లో 300కు పైగా పేజీలు, ఖాతాలు, లింకులు ఆపమంది కేంద్రం. మన ఊళ్ళోని పరిశోధన సంస్థ సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఆ జాబితా పరిశీలిస్తే, పుకార్లు అబద్ధమని చూపించిన పేజీలు కూడా అందులో ఉన్నాయి!

వైట్‌ఫీల్డ్_అడ్మిన్: మా లేఅవుట్ గ్రూపులో ఒకావిడ చెరువులోకి మురుగు వదులుతున్న ఫొటోలు పెట్టారు. మర్నాడే పోలీస్ స్టేషన్ నుంచి నాకు ఫోను, తీసేయమని. ఏ సెక్షనండీ, రాసివ్వండి అన్నాను. "స్టేషన్‌కి రండి, చెప్తాం" అన్నారు. కాగితం లేదు, పేరు చెప్పలేదు. ఫొటోలు ఉంచాను. కానీ ఆవిడే భయపడి తీసేసుకుని గ్రూపు వదిలేశారు. మురుగు ఇప్పటికీ పారుతోంది. నాకు కడుపు మండేది అక్కడే.

మెజెస్టిక్_పాతకాపు: బాధే. కానీ 2018లో చామరాజపేటలో పిల్లల్ని ఎత్తుకెళ్తాడన్న అనుమానంతో రాజస్థాన్ మనిషిని కొట్టి చంపారు. కోర్టు తేల్చేదాకా ఆగితే పోయిన ప్రాణం వస్తుందా?

లా_లక్ష్మి: రాదు. అందుకే తేడా గమనించాలి. ఐదు ఎస్సెమ్మెస్‌ల హద్దు గానీ, 2018లో వాట్సాప్ తెచ్చిన ఐదు ఫార్వర్డుల హద్దు గానీ ఏ మాటా చదవవు, అందరికీ ఒకటే, వేగం తగ్గిస్తాయంతే. నాకు అభ్యంతరం లేదు. ఆన్‌లైన్‌లో ఫలానాది ఆపమని ఐటీ చట్టం సెక్షన్ 69ఏ కింద కేంద్రం ఇచ్చే ఆదేశాలు వేరు. ఆ సెక్షన్‌కి 2009లో రాసిన నిబంధనల్లో 16వది వాటిని గోప్యంగా ఉంచమంటుంది. అలాంటి ఆదేశాల మీద ట్విట్టర్ ఇక్కడి హైకోర్టుకెళ్ళి 2023లో ఓడిపోయింది, 50 లక్షల జరిమానా కూడా. తన గురించి రాసినదాన్ని కేంద్రమే అబద్ధమని ముద్రవేసే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ నిబంధనను మాత్రం 2024లో బాంబే హైకోర్టు కొట్టేసింది.

కేఆర్‌పురం_రవి: కోర్టు కొట్టేస్తే కింద ఆగుతుందా? ఆన్‌లైన్ రాతలకి అరెస్టు చేసే ఐటీ చట్టం 66ఏని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది కదా.

లా_లక్ష్మి: ఆగలేదు. ఆ సెక్షన్ కింద ఎవరినీ విచారించొద్దని సుప్రీంకోర్టు 2022లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అడ్మిన్ గారూ, ఈసారి రమ్మంటే బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద నిందితుడిగానా, 179 కింద సాక్షిగానా అని అడిగి, నోటీసు రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఫోన్ వచ్చిన టైమూ నంబరూ రాసిపెట్టుకోండి. ఆ ఫొటోలు ఆవిడ దగ్గర ఇంకా ఉంటే జాగ్రత్త చేయమనండి.